డేగకు దమ్ము రావాలి

జనవరి 19

దాలెల్‌ఖాన్‌ను ఇంటికి తెచ్చారు. మరిది బెకెన్ జీపులో వెనక సీటు పీకేసి, పరుపు వేసి, పట్నం ఆసుపత్రి నుంచి మంచులో మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు. తుంటి ఎముక అతుక్కునేదాకా మంచం దిగకూడదట. కుడి భుజానికి కట్టు ఇంకా ఉంది. వేటలో గుర్రం జారి మీద పడితే మనిషి మిగలడమే గొప్ప అని అందరూ అంటున్నారు. నేనూ అదే అంటున్నాను.

మోసుకొస్తుంటే గుమ్మంలోనే అడిగాడు. నా గురించి కాదు, మా పాప ఇంకార్ గురించి కాదు.

"డేగ ఎలా ఉంది?"

"తింటోంది," అన్నాను.

అబద్ధం కాదు. ఆయన పడిన రోజు నుంచి పక్క గదిలో మొద్దు మీద కూర్చుని తింటూనే ఉంది. పొడుగాటి కర్రకు మాంసం గుచ్చి అందిస్తున్నాను. కర్ర సంగతి చెప్పలేదు.

జనవరి 22

ఇవాళ ఆ మాట ఎత్తాడు.

"ఈ వసంతంలో దాన్ని కొండకు వదిలేయాలి షినార్. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చాం. ఇంకా ఉంచుకుంటే పాపం. దానికీ ఒక గూడు, పిల్లలు ఉండాలిగా."

"వదిలేద్దాం. ఇవాళే వదిలేద్దాం," అన్నాను.

మరీ తొందరగా అన్నాను. నా మొహంలోకి చూశాడు.

"ఇవాళ వదిలితే ఈ ఎదురుగుండా కొండ కూడా ఎక్కలేదు. ఒళ్లంతా కొవ్వు. దమ్ము లేదు. ముసలి కుందేలు కూడా దానికి చిక్కదు. ఆకలితో చస్తుంది."

"బెకెన్‌ని పిలుద్దాం."

"వాడు తప్పిపోయిన ఒంటెల వెనక తిరుగుతున్నాడు. నువ్వే చెయ్యాలి."

పొయ్యి దగ్గర నుంచి అత్తమ్మ నవ్వింది. "అది నిన్నేం తినదులేవే. నీ ఒంటి మీద మాంసం ఎక్కడుంది కనుక!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చలికి ముంజేతి మీది మచ్చలు లాగుతున్నాయి. ఒకప్పుడు మేత పెడుతుంటే దాని గోళ్లు దిగి బిగుసుకుపోయిన చోటు. దాలెల్‌ఖాన్ దాని ఒక్కో వేలూ విడదీస్తూ "కదలకు, కదలకు" అన్నాడు. నేను కదల్లేదు. అప్పుడు ఇంకార్ నా కడుపులో ఉంది.

జనవరి 23

గాలి. రేపు చూద్దాం.

జనవరి 24

ఇవాళా గాలే. రేపు తప్పకుండా.

జనవరి 25

గాలి లేదు. గుర్రం కొంచెం కుంటుతున్నట్టు అనిపించింది.

జనవరి 27

కిటికీ పక్కనే మంచం కదా. గుర్రం కుంటడం లేదని ఆయనకు తెలిసిపోయింది. "తోలు తొడుగు వేసుకుని దాన్ని నా దగ్గరికి తీసుకురా," అన్నాడు.

తొడుగు మోచేతి దాకా వచ్చింది. పక్క గదిలోకి వెళ్లాను. దాని కళ్లకు తోమగ ఉంది. తోమగ అంటే ఒక చిన్న తోలు టోపీయే గానీ, అదున్నంతసేపూ దానికి లోకం లేదు. లోకం లేదు కాబట్టి నేనూ లేను. అలా అనుకుంటూ కాళ్ల వెనక చెయ్యి ఆనించాను. ఎక్కింది. వారం రోజుల గొర్రెపిల్లంత బరువు. చెయ్యి కిందికి వాలిపోయింది.

మంచం దగ్గర నిలబెట్టాను. ఆయన ఎడమ చేత్తో దాని రొమ్ము తడిమాడు. మొహం ఎలా వెలిగిందో! ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మొహం ఇవాళే చూశాను.

"చూడు, ఇక్కడ ఎముక వేళ్లకు తగలాలి. మొత్తం కొవ్వులో మునిగిపోయింది. మాంసం నీళ్లలో నానబెట్టు. పిండు. మళ్లీ నానబెట్టు. తెల్లగా అయ్యేదాకా. కడుపు నిండుతుంది గానీ బలం పట్టదు. కొవ్వు దిగుతుంది. ఆ తర్వాత ఎర్ర మాంసం, దాంతో పాటు పని. కొవ్వు పోవాలి, కండ పోకూడదు. ఆ తేడా నీ వేళ్లకే తెలియాలి."

"నువ్వు తడిమి చెప్పు."

"నేను రేపు లేకపోతే?"

"ఊరుకో," అన్నాను. చెయ్యి పక్కకు ఒరిగింది. డేగ రెక్కలు విప్పి నిలదొక్కుకుంది. బరువుకే చెయ్యి ఒరిగింది.

ఫిబ్రవరి 3

తోమగ తీసి మొదటిసారి పని చేయించాను. దొడ్డి వెనక, పొడుగు తాడు కట్టి. దాన్ని నేల మీద దింపాలి. నేను తొడుగులో మాంసం పట్టుకుని చెయ్యెత్తి "కా! కా!" అని పిలవాలి. నేల మీంచి తిన్నగా చేతి మీదికి ఎగరాలి. మళ్లీ దింపాలి, మళ్లీ పిలవాలి. మనుషులు గుంజీలు తీసినట్టు.

మొదటిసారి రాలేదు. చూస్తూ కూర్చుంది. రెండోసారి వచ్చింది. రెక్క నా చెంపకు తగిలింది. నేను మొహం పక్కకు తిప్పేసుకున్నానుగా, అందుకే. మరి కాసేపటికి నోరు తెరిచేసింది. నాలుక కనపడింది. మేడ మెట్లెక్కిన పెద్దమ్మలా ఆయాసం.

నాకంటే దానికే ఎక్కువ కష్టమైంది.

నాకు భయం వెయ్యలేదు. చలికి వణికాను, అంతే.

ఫిబ్రవరి 9

ఇప్పుడు కొండ పని. డేగను రాయి మీద ఉంచి, నేను వాలు ఎక్కి పైనుంచి పిలవాలి. కిందికి జారుతూ వస్తే రెక్కకు పనుండదట, పైకి ఎక్కాలట. అది ఎక్కే ముందు నేను ఎక్కాలి. ఇద్దరం నోళ్లు తెరుచుకుని పైన కలుసుకుంటున్నాం.

బెకెన్ వచ్చాడు. ఒంటెలు దొరికాయి. వాలు మీద నన్ను చూసి మోటారుసైకిల్ ఆపి అరిచాడు. "వదినా! నువ్వు డేగను మోస్తున్నావా, డేగ నిన్ను మోస్తోందా?"

"దిగి వచ్చి నువ్వు మొయ్యి!"

"అమ్మో! అది అన్నయ్య పెళ్లాం. నన్ను రానివ్వదు."

"మరి నేనెవర్ని?"

"నువ్వు దాని సవతివి."

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఉంటాడేమో, డేగకు ఎరగా గుర్రానికి కట్టి లాగే నక్కతోలు తను లాగుతాడేమో అనుకున్నాను. ఉండలేదు.

ఫిబ్రవరి 13

వేళ్లకు ఎముక తగిలింది.

దాలెల్‌ఖాన్ సంబరపడ్డాడు. ఆకలి మొదలైతే సగం పని అయినట్టే అన్నాడు. ఆకలి మొదలైన మాట నిజమే. తోమగ తీయగానే దాని మెడ మీది ఈకలు లేస్తున్నాయి. తల అటూ ఇటూ ఆడడం లేదు. దేన్ని చూస్తే దాన్నే చూస్తోంది.

ఇవాళ నేను దాన్ని చేతి మీద పెట్టుకుని దొడ్డి దగ్గర నిలబడి ఉండగా ఇంకార్ తలుపు తోసుకుని బయటికి వచ్చి మేకపిల్ల వెనక పరిగెత్తింది. డేగ ముందుకు వంగింది. కాళ్లు బిగిశాయి. తొడుగు మీంచే తెలిసింది.

మేకపిల్లను చూసింది. మేకపిల్లనే.

ఇంకార్ టోపీ నక్కతోలు. వాళ్ల నాన్న కుట్టించింది. మేము గుర్రానికి కట్టి లాగేదీ నక్కతోలే.

తోమగ వేసేశాను. ఇంకార్‌ను లోపలికి పంపి, టోపీ పెట్టెలో పెట్టి, పిల్ల తలకు ఉన్ని గుడ్డ చుట్టాను.

"గుచ్చుకుంటోంది," అని ఏడ్చింది.

"గుచ్చుకోనీ."

దాలెల్‌ఖాన్‌కు చెప్పలేదు. మేకపిల్ల సంగతి ఏం చెప్పాలి?

ఫిబ్రవరి 15

సాయంత్రం మేతలో కొంచెం ఎర్ర మాంసం కలిపాను. మంచు ఎక్కువగా ఉంది కదా, చలికి తట్టుకోవాలి. కొంచెమే.

ఫిబ్రవరి 16

కొంచెమే.

ఫిబ్రవరి 19

కొవ్వు కూడా వేశాను. కడుపు నిండితే ఎంత మంచిగా ఉంటుందో! తోమగ తీసినా కళ్లు మూసుకుంటుంది. ఇంకార్ ఎదురుగా గెంతినా పట్టించుకోదు. పక్షి అంటే ఇలా ఉండాలి.

ఫిబ్రవరి 21

మధ్యాహ్నం టీ తాగుతూ ఆయన అడిగాడు.

"నక్కతోలు వెనక ఎంత దూరం వచ్చింది?"

"తెల్ల రాయి దాకా."

"పైకేనా?"

"పైకే."

"నోరు తెరిచిందా?"

"లేదు."

కళ్లు మూసుకున్నాడు. ఆ వాలంతా లోపల చూసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "అయితే దమ్ము వస్తోంది," అన్నాడు. నిన్నటికంటే ఒక గిన్నె ఎక్కువ తాగాడు.

ఇవాళ దాన్ని గది లోంచే బయటికి తియ్యలేదు. నేనొక్కదాన్నే దొడ్డి వెనక కాసేపు నిలబడి వచ్చాను.

ఫిబ్రవరి 26

అత్తమ్మ పక్క గదిలోకి వచ్చింది. మామగారు బతికినంత కాలం ఆయన డేగలకు మాంసం పిండిన చేతులు అవి. ఇప్పుడు వేళ్లు వంకర్లు పోయి సూది కూడా పట్టుకోలేదు. అదే చేత్తో డేగ రొమ్ము ఒక్కసారి తడిమింది.

"దీన్ని పండక్కి కోసే గొర్రెలా మేపావే."

నేను నేల చూశాను.

"దేనికే?"

"భయమేసి."

"ఎవరి గురించి?"

చెప్పాను. మెడ ఈకలు, బిగిసిన కాళ్లు, టోపీ, అన్నీ చెప్పాను. అత్తమ్మ డేగ రొమ్ము మీంచి చెయ్యి తీసింది.

"వాడికి నేను చెప్పను. ఇప్పుడు వాడు ఆ మంచం మీద బతుకుతున్నది దీని కబుర్ల మీదే. కానీ వసంతం ఆగదు కోడలా. ఆ రోజు దీన్ని ఇలాగే ఎగరేస్తావా?"



మార్చి 4

చేతులు ఇంకా సరిగ్గా పనిచెయ్యడం లేదు. అక్షరాలు ఎలా వస్తే అలా.

అత్తమ్మ మాటకు సిగ్గుపడి ఇవాళ తాడు లేకుండా ఎగరేద్దామనుకున్నాను. పొద్దున్నే గుర్రం మీద తీసుకెళ్లాను. వాగు పక్క రాయి మీద డేగను దింపి, తోమగ తీసి, నక్కతోలు లాక్కుంటూ వాలు మీదికి గుర్రాన్ని తోలాను. పిలిచాను. లేచింది. బాగానే లేచింది. సగం వాలు ఎక్కేసరికి రెక్కలు బరువెక్కాయి. తెల్ల రాయి అందలేదు. దాని కిందనే ఒక బండ మీద వాలి నోరు తెరిచి కూర్చుంది.

అప్పుడు పైనుంచి అవి వచ్చాయి. కొండ మీద గూడు కట్టుకునే అడవి డేగల జంట. మాఘం పోయి మంచు మెత్తబడితే ఆ కొండంతా వాటిదే. ఆ సంగతి ఈ లోయలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. మొదటిది తగిలిన చప్పుడు నా దాకా వినిపించింది, దుప్పటి దులిపినట్టు. మనది లేవబోయింది. లేవలేకపోయింది. రెండోది తన్నింది. బండ మీంచి దొర్లి లోయలో పడిపోయింది.

గుర్రాన్ని వదిలేసి దిగాను. జారుతూనే దిగాను. అడుగున మంచులో వెల్లకిలా పడి ఉంది, రెండు కాళ్లూ పైకి చాపి, గోళ్లు విప్పి. నోరు తెరిచే ఉంది. నా వైపు చూసింది. పిలిస్తే రాదు. ముట్టుకుంటే గోళ్లతో పట్టేస్తుంది. పైన ఆ రెండూ తిరుగుతూనే ఉన్నాయి, వాటి నీడలు మంచు మీద నా కాళ్ల దగ్గరికి వచ్చి పోతున్నాయి.

వదిలేసి వెళ్లిపోతే? ఒక్క క్షణం అనుకున్నాను. ఎగిరిపోయిందని చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు. ఇన్నాళ్లూ నమ్మాడు కదా.

గొర్రెతోలు కోటు విప్పి దాని మీద వేసి పడ్డాను. గోళ్లు కోటు లోకి దిగాయి. తోలు చిరిగిన చప్పుడు. మొత్తం మూటలా చుట్టి రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాను. దాని గుండె నా గుండె మీద కొట్టుకుంటోంది. నాదేదో దానిదేదో తెలియలేదు. భయం పోయిందని రాయను. పోలేదు. ఆ మూట ఎప్పుడు విప్పుకుంటుందోనని దారి పొడుగునా వణుకుతూనే ఇంటికి చేరాను.

కోటు లేకుండా వచ్చిన నన్ను చూసి దాలెల్‌ఖాన్ మోచేతి మీద లేవబోయాడు. మూట మంచం పక్కన దింపి చెప్పేశాను. ఎర్ర మాంసం, కొవ్వు, తెల్ల రాయి, చెయ్యని పని, అన్నీ.

అరుస్తాడనుకున్నాను. ముందు రెక్కలు రెండూ విప్పించి చూశాడు. ఎముక విరగలేదు. ఒక చోట ఈకలు ఊడి నెత్తురు గడ్డ కట్టింది, అంతే. తర్వాత అడిగాడు.

"ఇంకార్ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు డేగ అంటే..."

"నీ చెయ్యి నేను మర్చిపోయాననుకున్నావా? ఆ రోజు నుంచీ పిల్ల బయట ఉండగా దాని తోమగ ఎప్పుడైనా తీశానా? గుర్తు తెచ్చుకో."

గుర్తు తెచ్చుకున్నాను. ఒక్కసారి కూడా తియ్యలేదు.

"నాకూ భయమే షినార్. నీతో అంటే దాన్ని ఇంట్లో ఉండనివ్వవని అనలేదు."



మార్చి 5

అత్తమ్మ ఉపాయం. డేగ బయట ఉన్నంతసేపూ ఇంకార్‌ను తన నడికట్టుతో తన నడుముకే కట్టేసుకుంటుందట.

"నేను మేకనా?" అంది ఇంకార్.

"కాదే. నేను మేకని, నువ్వు నన్ను కాస్తున్నావు."

ఒప్పుకుంది. పొయ్యి దగ్గర, పాల గిన్నెల దగ్గర, ఇద్దరూ ఒక తాడుకు.

మార్చి 14

మళ్లీ తెల్ల మాంసం. మళ్లీ నేల మీంచి చేతి మీదికి. జంట ఉండే కొండ కాదు, వాగుకు అవతలి గుట్ట. అబద్ధాలు లేవు. నోరు తెరిస్తే తెరిచిందనే చెబుతున్నాను. ఆయన తిడుతున్నాడు. బాగుంది.

మార్చి 22

నౌరీజ్, మా కొత్త సంవత్సరం పండగ. ఊళ్లోకి వెళ్లలేదు. బెకెన్ జావ గిన్నె తెచ్చాడు. నక్కతోలు తనే లాగాడు. డేగ గుట్ట అడుగు నుంచి కొస దాకా ఒక్క ఊపులో వచ్చింది. నోరు మూసే ఉంది.

"సవతులు కలిసిపోయారే!" అన్నాడు.

మార్చి 30

కుందేలు పట్టింది. నేను చూపించలేదు, పిలవలేదు. చేతి మీంచి తనే లేచింది. నేను చేరేసరికి కుందేలు తల ఒక కాలి కింద, నడుము ఒక కాలి కింద ఉన్నాయి. కుందేలు కదల్లేదు.

ఇంటికి వచ్చి చెబితే దాలెల్‌ఖాన్ కళ్లు తుడుచుకున్నాడు. అత్తమ్మ నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

దానికి దమ్ము వచ్చింది. ఇప్పుడే నాకు అసలు భయం పట్టుకుంది. ఇంకార్ ఆ కుందేలు కంటే ఎంత పెద్దది?

ఏప్రిల్ 11

వదిలేశాం. బెకెన్ జీపులో చాలా దూరం, పొరుగు లోయ దాటి. దాలెల్‌ఖాన్‌ను దిండ్లు పెట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాం. మా ఆచారం ప్రకారం ఒక గొర్రెను కోసి రాతి మీద పెట్టాం. దారి బత్తెం.

కాళ్ల పట్టీలు కొయ్యాలి. ఆయన జీపు దిగలేడు. కత్తి నాకే ఇచ్చాడు. మొహం దాని కాళ్ల దగ్గరికి దించి కోశాను. ఒకటి. రెండోది గట్టిగా ఉంది, కోసేసరికి చెమట పట్టింది. అది కదల్లేదు. గొర్రె మీదికి దిగి తినడం మొదలుపెట్టింది.

వచ్చేశాం. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. నేను చూశాను. అది మాత్రం తింటూనే ఉంది.

ఏప్రిల్ 12

ఇంకార్‌కు టోపీ ఇచ్చాను. అత్తమ్మ నడికట్టు విప్పింది. ఇల్లంతా తలుపులు తెరిచి ఊడ్చాను.

ఏప్రిల్ 15

పాలు పితికి గిన్నె పట్టుకుని వస్తున్నాను.

"అమ్మా! మన డేగ వచ్చింది!"

దొడ్డి కప్పు మీద ఉంది. తోమగ లేదు, పట్టీలు లేవు. ఇంకార్ చేతులు చాపి దాని వైపే పరిగెడుతోంది. కిటికీ లోంచి దాలెల్‌ఖాన్ అరుపు: "తరుము! షినార్, తరుము దాన్ని!"

ఇంకార్‌ను పట్టుకుని నా వెనక్కి లాగాను. నేల మీంచి రాయి తీసి చెయ్యెత్తాను.

అది చూసింది. చెయ్యెత్తడం చూసింది. చలికాలమంతా నేను దానికి నేర్పింది అదొక్కటే కదా. కప్పు మీంచి లేచి తిన్నగా నా చేతి మీదికి వచ్చింది. తొడుగు లేదు. వెనక పిల్ల నా లంగా పట్టుకుని ఉంది.

కొట్టాను. దగ్గరికి వచ్చేదాకా ఆగి కొట్టాను, తప్పకూడదని. ఎడమ రెక్కకు తగిలింది. గాలిలోనే ఒరిగి, నేలకు రాసుకుంటూ పోయి, మళ్లీ లేచింది. పాల గిన్నె విసిరాను. అరిచాను. ఏం అరిచానో తెలియదు. వాగు దాటేముందు ఒకసారి తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను దాన్ని చూసిన చూపు అది, ఇన్నేళ్లూ.

ఏప్రిల్ 16

రాలేదు.

"తగిలిందా?" అన్నాడు.

"లేదు. పక్క నుంచి పోయింది."

ఏప్రిల్ 19

రాలేదు. ఇంకార్ మాట్లాడడం లేదు నాతో.

ఏప్రిల్ 27

దాలెల్‌ఖాన్ కర్రలు పట్టుకుని మొదటిసారి గుమ్మం దాటాడు. ఎండ ఉంది. బల్ల వేసి కూర్చోబెట్టాను, దుర్భిణి అడిగితే ఇచ్చాను. చాలాసేపు వాగుకు అవతల వెతికాడు. తర్వాత ఒక చోట ఆగిపోయాడు.

"చూడు," అని నాకు ఇచ్చాడు.

గుట్ట పైన ఒకటే పక్షి, గుండ్రంగా పైకి ఎక్కుతోంది. రెక్కలు ఆడించకుండా. ఏ డేగో ఎలా తెలుస్తుంది అంత దూరం నుంచి? కొండ జంటలో ఒకటై ఉండొచ్చు.

"అదే," అన్నాను.

"అదే," అన్నాడు. కాసేపాగి నా ముంజేయి పట్టుకుని అన్నాడు. "బెంగ పెట్టుకోకు. ఎడమ రెక్క బాగానే ఉంది."

ఏ రెక్కకు తగిలిందో నేను చెప్పలేదు. తగిలిందనే చెప్పలేదు.